కార్డులో చోటు

కెమెరా తాలయ్‌ది. పెళ్ళిళ్ళు తీసే కెమెరా.
శనివారానికల్లా నారిన్ పట్నంలో ఇచ్చెయ్యాలి.
"కార్డులో పోయినవారం పెళ్ళి అలాగే ఉంది,
ఇంకా దించుకోలేదు. చెయ్యి జారిందో,
నన్ను ఊళ్ళోంచి తరిమేస్తారు"
అన్నాడు, పట్టీ నా మెళ్ళో వేస్తూ.

లెన్సు ఒక్కటే. యాభై.
ప్లాస్టిక్‌ది, బొమ్మకారులా తేలిక.
దగ్గరికి పోవాలంటే మేమే నడవాలి,
వెనక్కి జరగాలంటే గోడ ఒప్పుకోవాలి.
దాని ఉంగరం మీద తెల్లటేపు ముక్కలు అతికించాను:
తలుపు, బల్ల, మీటరు.
ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి
ఊపిరి బిగబట్టి బొటనవేలు జరపడం,
అంతే నా పని.

కథ మెదెర్ రాసుకున్నాడు.
కరెంటు మీటర్లు చూసే మనిషి కొండెక్కి ఒక ఇంటికి వస్తుంది.
ఏడాదిగా అక్కడ అంకె కదల్లేదు.
లోపల మాత్రం దీపాలు వెలుగుతున్నాయి.
ఎలాగ్రా అంటే
"తీస్తుంటే తెలుస్తుంది" అనేవాడు.

బూరుల్ అక్క బజార్లో మేకులూ తాళాలూ అమ్ముతుంది.
కొట్టు మూసుకుని వచ్చినందుకు రోజుకి మూడొందల సోములు,
సాయంత్రం పెట్రోలుకి అవీ మాకే అప్పిచ్చేది.
కెమెరా జారడానికి పిల్లల మంచుబండి.
రేకు పళ్ళెంలో నూటయాభై బల్బు.
మైకంటే నా ఫోనే, అక్క టోపీలో, ఉన్ని కింద.
మైనస్ ఇరవై రెండు.
ఒక బ్యాటరీ కెమెరాలో, ఇంకొకటి మెదెర్ చంకలో,
కోడి గుడ్డును పొదిగినట్టు.
పన్నెండు నిమిషాలయ్యేసరికి ఎర్రచుక్క దానంతటదే ఆరిపోతుంది,
అక్క ఏడుపు మధ్యలో ఉన్నా సరే.

మూడో రోజు, నాలుగున్నర.
కొండ నీడ వాకిట్లోకి వచ్చేసింది. ఆఖరి షాటు.
బటన్ నొక్కితే తెర మీద ఒకటే మాట:
చోటు లేదు.

ల్యాప్‌టాప్ పట్నంలో. కనుమ నిండా మంచు.
వెలుతురు ఇంకో ఇరవై నిమిషాలు, ఉంటే.
అరచేయంత తెర మీదికి ముగ్గురం వంగాం.
పెళ్ళి ముక్కలు ముప్పయ్యొకటి.
"ఒక్కటి తీసేస్తే ఎవరికి తెలుస్తుంది,
అన్నీ డాన్సులేగా" అన్నాడు మెదెర్.
నిజం చెప్పొద్దూ, నేనూ అదే అనుకున్నాను.

అన్నిటికంటే పొడుగుది తెరిచాం.
తెల్ల తలపాగా చుట్టుకున్న ముసలమ్మ
పెళ్ళికూతురికి కమ్మలు పెడుతోంది.
చేతులు వణుకుతున్నాయి, చిల్లు దొరకడం లేదు.
ఆ పిల్ల మెడ వంచి అలాగే ఉంది,
అలాగే ఉంది.
తాలయ్ ఫోకస్ వాళ్ళ మీద లేదు,
వెనక గోడకున్న కంబళి మీద ఉంది.
నా వేళ్ళు ఊరుకోక ఉంగరం తిప్పాయి,
అయిపోయిన వీడియోకి.

అక్క చేతి తొడుగు విప్పింది.
"మన మొదటి సీనెంత?" అంది.
తొమ్మిది నిమిషాలు.
పదిహేడు టేకుల్లో నిలిచిన ఒక్క టేకు.
ఈమె ఎవరు, ఎందుకొచ్చింది, అంతా అందులోనే.
మెదెర్ చాలాసేపు ఏమీ అనలేదు.
ఆ చాలాసేపట్లో నీడ గడప దాటింది.
తర్వాత తన వేలితో తనే నొక్కాడు.
చెత్తబుట్ట బొమ్మ.
అవును.

ఇప్పుడు మా సినిమా
తలుపుకి లోపలివైపున మొదలవుతుంది.
టార్చి పట్టుకుని ఒకామె గోడలు వెతుకుతుంది.
బడి హాల్లో దుప్పటి కట్టి వేశాం. నలభై మంది.
జాగ్రఫీ మాస్టారు "ధైర్యమైన ఆరంభం!" అంటూ
మెదెర్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు.
మెదెర్ తల ఊపాడు, దొంగ.
వెనక బెంచీలో ఒక అవ్వ పక్కావిడతో గట్టిగానే అంది:
"పాపం, ఏదో పారేసుకున్నట్టుంది."

తాలయ్ ముప్పయ్యొకటీ లెక్కపెట్టుకుని
సరే, అన్నాడు.

ఆ కొండ సీను ఇంకెక్కడా లేదు.
కాకపోతే ఒక్కోసారి వ్యాను కిటికీలోంచి
ఎవరో మంచులో దూరాన్నుంచి నడిచొస్తూ కనిపిస్తే
జేబులో నా బొటనవేలు
మెల్లగా జరుగుతుంది,
ఆ మనిషి ముఖం తేటపడేదాకా.