లోపలి అంచు

మార్సబిట్ కొండని ఇంకా మంచు వదల్లేదు.
ఇనప డబ్బా షెడ్డు ముందు బండి ఆపేసరికి
దార్మి చాయ్ గ్లాసు కింద పెట్టి
"మళ్ళీ నడుపు," అంది.
"చూడ్డానికి కాదు, వినడానికి."

ముప్పై అడుగులు ముందుకి, ముప్పై వెనక్కి.
ఎడమ ముందు చక్రం దగ్గర ఆ కీచు,
బ్రేకు తొక్కితే గొంతు మార్చుకుని
వదిలితే మళ్ళీ మొదటికొచ్చేది.
"రెండున్నాయి. ఒకటి ఏడుపు, ఒకటి గొణుగుడు.
ఒకదాని వెనక ఒకటి దాక్కుంటున్నాయి."

నేను అందుకున్నాను:
మైకోనా దారి, నల్లరాళ్ళు, చల్బి ఉప్పునేల,
వెనక పశువుల టీకాల పెట్టె, ఆఫీసు తొందర,
అసలు ఈ కాలం రబ్బరే అంత...
ఆమె మోకాళ్ళ మీద కూచుని
టైరు మీద అరచెయ్యి వేసింది,
ఒంటె మెడ మీద జ్వరం చూసేవాళ్ళలా.

లోపల్నుంచి బయటికి నిమిరితే జారిపోయింది చెయ్యి.
బయట్నుంచి లోపలికి లాగితే
పిల్లి నాలుక.
"నువ్వూ పెట్టు."
పెట్టాను.
లోపలి అంచున గళ్ళు చెరిగి నున్నటి గుండు.
బయటి అంచు కొన్ననాటిలాగే, ముళ్ళతో సహా.
పక్కన నిలబడి చూసేవాడికి ఇది కొత్త టైరే.
కుడి చక్రానిదీ అదే కథ.

"రోడ్డు కొరికితే ఎక్కడ పడితే అక్కడ కొరుకుతుంది.
రెంటికీ ఒకే పక్క, ఒకే లోతున కొరికిందంటే
రోడ్డు కాదు.
నీ చక్రాలు చెరో దారి చూస్తున్నాయి, గాల్గాలో.
మధ్యలో నిన్ను ఈడ్చుకెళ్తున్నాయి."

ఎవరూ నన్ను దొంగ అనలేదు.
నా చెయ్యే భుజం మీదికి పోయింది.

కిందికి దూరి టార్చి అడిగింది.
ఇరుసు వెనక టై రాడ్డు
వంగీ వంగనట్టు, నవ్వబోయి ఆగిన పెదవిలా.
"ఎప్పటిది?"
"తెలీదు."
"దానికి తెలుసు."

మూడు వారాలైంది. కలాచా దాటాక, రాత్రి.
తల్లి ఒంటె దాటేసింది.
పిల్ల దాటలేదు, దీపాల వెలుగులో నిలబడి
నా వైపే చూసింది, పొడుగాటి కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులు.
స్టీరింగు తిప్పాను.
రాయికి తగిలింది. పిల్లకి తగల్లేదు.
దిగి చూశాను, దానినే, బండిని కాదు.
ఆఫీసు పుస్తకంలో ఆ రాత్రి
"రోడ్డు బాగుంది" అని ఉంటుంది.

చక్రం విప్పాక గొణుగుడు దొరికింది:
ఉప్పు తిన్న పిన్ను, కదలని కాలిపర్,
లోపలి ప్యాడ్ ఇనుము దాకా అరిగి,
బయటిది బిస్కెట్టంత మందాన, హాయిగా.
"చూశావా, ఇక్కడా లోపలిదే," అంది దార్మి, తనలో తను.
ఏడుపు మటుకు చాలా చిన్నది.
డిస్కుకీ దాని వెనక రేకుకీ నడుమ
శనగగింజంత నల్ల పలుకు.
ఊది, తుడిచి, నా చేతిలో పెట్టింది.

రాడ్డుని తిన్నగా కొట్టొచ్చు కదా అన్నాను.
"కొట్టొచ్చు. తర్వాత దాన్ని నమ్మేది నువ్వా, నేనా?"
షెడ్డు వెనక పడి ఉన్న పాత బండి నుంచి వేరేది తెచ్చి బిగించి,
చక్రాల ముందు కొలిచి, వెనక కొలిచి,
పావు చుట్టు తిప్పి మళ్ళీ కొలిచి,
ఎండెక్కేదాకా ఒక్క మాట లేదు.

టైర్లు తిరగేస్తే సరిపోతుందా అంటే
"అరిగింది తిరిగి రాదు. ఇకమీద అరగదు, అంతే."

బిల్లు పుస్తకం తొడ మీద పెట్టుకుని అడిగింది,
కారణం ఏం వెయ్యమంటావని.
"రాయి," అన్నాను.
పెన్ను ఆగింది.
అడ్డం తగిలిన రాయా, కాగితం మీద రాయమనా?
"ఒంటెపిల్ల అని కూడా రాయి."
రాసింది. ఎంత పిల్ల అని మాత్రం అడిగింది.
నడుము దాకా చెయ్యి పెట్టి చూపించాను.

కొండ దిగుతుంటే బ్రేకు కింద సన్నటి మూలుగు.
కొత్త ప్యాడ్లు కాసేపు మూలుగుతాయి, కంగారు పడకు, అనే పంపింది.
అయినా అద్దం దించి
మైకోనా మలుపు దాకా వింటూనే ఉన్నాను.