మాత్రమే

బాలానగర్ టూల్‌రూమ్‌లో నా పని
తప్పుని పట్టుకోవడం.
వెంట్రుకలో పదోవంతు ఎక్కువైనా
పీసు ఎర్రడబ్బాలోకి పోతుంది.
ఇరవై రెండేళ్ళు.
కళ్ళజోడు మూడుసార్లు మారింది, చెయ్యి మారలేదు.

ఆ చేత్తోనే నోట్‌బుక్ పట్టుకుని
గురువారం ఏడింటికి
ఫతేనగర్ వంతెన దిగి
గుడి వెనక రేకుల గదికి వెళ్తాను.
నలభై ఏడేళ్ళ వయసులో జ్ఞానోపదేశం.
ఒక నర్సు, మిక్సీలు బాగుచేసే అన్నదమ్ములు,
వాచ్‌మన్ ఓదెలు, నేను.
పాస్కా జాగరణ రాత్రి మా తలల మీద నీళ్ళు పోస్తారు.

చెప్పేది ఇన్నాసమ్మ టీచర్.
వాళ్ళ నాన్న ఫిరంగిపురం వైపు ఊళ్ళల్లో ఉపదేశి.
ఆయన సైకిలూ పోయింది, ఆయనా పోయాడు,
చేత్తో రాసుకున్న పుస్తకం ఈమెకు మిగిలింది.
మా ఆవిడ గాంధీ ఆస్పత్రిలో ఉన్న పదకొండు రోజులూ
స్టీలు క్యారేజీలో చారన్నం తెచ్చింది ఈమే.
ఇది ముందే చెప్పాలి.
తర్వాతది తూచేటప్పుడు ఇదీ తక్కెట్లో ఉండాలి.

ఆ గురువారం వాన. రేకుల మీద ఒకటే మోత.
టీచర్ గొంతు పెంచి అంది:
"సత్ప్రసాదం ఒక గుర్తు, నాయనా. గుర్తు మాత్రమే."
పెన్నులు కదిలాయి. నాది ఆగింది.

గుర్తు, అంతవరకు కొలత సరిపోయింది.
ఆ 'మాత్రమే' దగ్గర గేజు దిగలేదు.
ఫాదర్ ఇచ్చిన పుస్తకం రెండుసార్లు చదివాను:
రూపం అప్పంలాగే ఉంటుంది, ఉన్నది మాత్రం ఆయన.
అక్కడ మాత్రం, ఇక్కడ మాత్రమే.
మాత్రే కదా అని నీళ్ళతో మింగేద్దామనుకున్నా.
గొంతులో అడ్డం తిరిగింది.

పుట్టుకతో వచ్చినవాళ్ళకి పర్వాలేదేమో,
అమ్మ ఒడిలోనే ఒంటికి పట్టి ఉంటుంది.
మాకు మాటలే దారి.
మా అన్న ఇంటి గడప,
మా అమ్మ తద్దినం నాడు నేను కూర్చునే పీట,
వీటిని నేను గుర్తు కోసం వదల్లేదు.

ఫాదర్ జోజిరెడ్డి బండి స్టార్ట్ చేస్తూ విన్నాడు.
"ముప్పై ఏళ్ళుగా చెబుతోందయ్యా, పెద్దావిడ,"
అన్నాడు హెల్మెట్ లోపల్నుంచి.
తర్వాత బండి ఆపాడు.
"నువ్వన్నది నిజమే. నువ్వే అడుగు. మెల్లగా."

అడగడానికి వెళ్తే గుడిలో ఆమె ఒక్కతే.
ఎర్రదీపం ముందు
అరిగిన మోకాలు దించుతోంది.
బెంచీ పట్టుకుని, కొంత,
ఆగి, ఇంకొంత,
నేల తగిలేదాకా.
గుర్తు మాత్రమే అయితే ఎవరూ అంత కిందికి దిగరు.
ఆ మోకాల్లో తేడా సున్నా.
కానీ రేకుల గదిలో మేం రాసుకున్నది నోటిని.

అడిగాను.
నాన్న రాత మీద వేలు పెట్టి వెతికింది.
'గుర్తు' ఉంది. 'మాత్రమే' లేదు.
"ఎక్కడ పట్టుకొచ్చానో," అంది చాలాసేపటికి.
"మీకు అర్థం కాదేమోనని తేలిక చేసినట్టున్నాను."
ఆ సాయంత్రం ఆమె టీ తాగలేదు. నాకూ ఇవ్వలేదు.

తర్వాతి గురువారం, నిలబడే,
"పోయినవారం తప్పు చెప్పాను. ఒక మాట కొట్టెయ్యండి."
నర్సు స్కేలు పెట్టి కొట్టేసింది.
అన్నదమ్ములు ఒకరి పుస్తకం ఒకరు చూసుకున్నారు.
ఓదెలు రాలేదు.

బాచుపల్లిలో ఏదో కొత్త అపార్ట్‌మెంటుకి మార్చారట. ఫోన్ కలవదు.
డెస్పాచ్ దాటిపోయిన తప్పు పీసు
ఎక్కడ ఏ మిషన్‌లో తిరుగుతోందో అని
పట్టని నిద్ర నాకు కొత్త కాదు.
ఆదివారం పూజయ్యాక ఎర్ర పెన్ను జేబులో పెట్టుకుని వెళ్ళాను.
మూడు గేట్లు కాదన్నాయి.
నాలుగో గేటు దగ్గర ఓదెలు, అడ్డకర్ర ఎత్తుతూ దించుతూ.

"నోట్‌బుక్కా? నాకు రాసుడు రాదు సార్.
ఊకె పెన్ను పట్టుకొని కూసునేటోణ్ణి.
గుర్తు అన్నది టీచరమ్మ, గది యాదికుంది.
ఎనక ఇంకేదో అన్నది, వాన సప్పుడుకు ఇనవడలే.
ఏమన్నది సార్?"

మూత తీసిన పెన్ను చేతిలో ఉంది.
లోపల్నుంచి కారు హారన్ కొడుతోంది.
దిద్దాలంటే ముందు
ఆ మాట నా నోటి నుంచే రావాలి.