నాలుగొందల పన్నెండో పేజీ

సెయింట్ జాన్‌లో ఏరు రోజుకు రెండుసార్లు
వచ్చిన దారినే వెనక్కి పారుతుంది.
సముద్రం పొంగి దాన్ని నెడుతుంది.
ఆ ఊళ్ళో వెనక్కి వెళ్ళి చూడటం వింతేమీ కాదు.

కోర్టు లైబ్రరీలో ఓడెట్ కోర్మియే
ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా చేస్తున్నదీ ఆ పనే.
మంగళవారం జడ్జిగారి గుమస్తా చీటీ పంపాడు:
ట్రెనమ్ వర్సెస్ ఫండీ ఐస్ కంపెనీ,
పందొమ్మిది వందల ముప్ఫై ఒకటి,
నాలుగో సంపుటం, నాలుగొందల పన్నెండో పేజీ.

పేరు బావుంది.
లాయరు గారెత్ పిన్హే అందులోంచి ఎత్తి రాసిన వాక్యం
ఇంకా బావుంది:
"వితంతువు వణికిన ప్రతి రాత్రికీ వెల కట్టవలసిందే."
ఇన్నేళ్ళలో ఏ జడ్జీ ఇంత చక్కగా రాయగా
ఓడెట్ చూడలేదు.
అనుమానం అక్కడే మొదలైంది.

నిచ్చెన వేసుకుంది.
పాత తోలు అట్ట ఎర్రటి పొడిగా రాలి
అరచేతికి అంటింది.
పేజీ ఉంది.
ట్రెనమ్ లేదు, ఐస్ కంపెనీ లేదు.
అక్కడ ఉన్నది ఒక గుర్రం.

కుంటిదాన్ని మంచిదని అమ్మిన ఎల్జియర్ తిబోదో మీద
మెలాన్సన్ అనే పాలవాడి దావా.
నలభై రెండు డాలర్లు.
"అమ్మిన రోజు నడిచింది. మర్నాడు నడవలేదు."
సాక్ష్యం మొత్తం అంతే.
పాలవాడు గెలిచాడు.
నిచ్చెన మీదే నిలబడి, రెండున్నర పేజీలూ
ఓడెట్ చదివేసింది.

ఫిబ్రవరిలో క్రమశిక్షణ కమిటీ కూర్చుంది.
పిన్హే టై సరిచేసుకుంటూనే ఉన్నాడు.
"యంత్రాన్ని అడిగాను, ఇచ్చింది.
ఇది నిజమేనా అనీ అడిగాను. నిజమే అంది."
"అంటే సాక్షినే అడిగారు,
సాక్షి నిజం చెబుతోందా అని,"
అంది అధ్యక్షురాలు, కళ్ళజోడు తీసి.
ఆలూ లేదు చూలూ లేదు,
తీర్పుకి మాత్రం పేజీ నంబరుంది.
ఎవరో నవ్వబోయి దగ్గాడు.

మూడు నెలల సస్పెన్షన్, ఖర్చులు.
ఇకమీదట దాఖలు చేసే ప్రతి కాగితం కిందా
"నేను స్వయంగా చదివాను" అని
చేత్తో రాసి సంతకం పెట్టాలని కొత్త ఉత్తర్వు.

వెనక బల్ల మీద వెర్నా స్టైల్స్,
కోటు విప్పకుండా.
ఆమె కేసు కోసమే ఇదంతా.
నవంబరులో హీటరు పాడైతే
ఇంటి యజమాని జనవరి దాకా ఫోనెత్తలేదు.
భర్త పోయిన మొదటి చలికాలం.
అందరూ లేచాక ఓడెట్ దగ్గరికొచ్చి
నెమ్మదిగా అడిగింది:
"అయితే ఆవిడ లేదా?
నాకంటే ముందు ఒకావిడ గెలిచింది కదా అని
ఆ కాగితం వంటింట్లో అంటించుకున్నాను."

ఓడెట్‌కి జవాబు దొరకలేదు.
లైబ్రరీకి తీసుకెళ్ళి కుర్చీ చూపించింది.
జిరాక్స్ మిషను వేడెక్కడానికి కాస్త టైము పట్టింది.
"ఇది ఉంది," అంది, వెచ్చటి కాగితాలు అందిస్తూ.
"పనికొస్తుందో లేదో నేను చెప్పకూడదు.
మీ కొత్త లాయరుకి ఇవ్వండి. పూర్తిగా చదవమనండి."

వెర్నా వేలితో వరస వెంబడి వెళ్ళింది.
అమ్మిన రోజు నడిచింది.
మర్నాడు నడవలేదు.
"తాళాలిచ్చిన రోజు నా హీటరూ వెలిగింది," అంది.

తలుపు దాకా వెళ్ళి ఆగింది.
"గుర్రం ఏమైంది తర్వాత?"

"అది రాయలేదు," అంది ఓడెట్.