విన్నది నింకె

పంతొమ్మిదేళ్లు
స్కేటింగ్ బూట్ల కింద పడుకున్న బైనాక్యులర్స్.
కుడి అద్దంలో బూజు
గూడు కట్టింది. తుడిస్తే పోలేదు.
సరే, ఎడమ కన్ను ఉందిగా అనుకుని
టెర్షెలింగ్ దీవిలో, అక్టోబరు పొద్దున,
వీబె గట్టెక్కాడు.

సముద్రం వెనక్కి తగ్గిన బురదలో
ఉల్లంకి పిట్టలు, కుట్టుమిషన్ సూదుల్లా.
పేర్లు నాలుక చివరిదాకా వచ్చి
ఎగిరిపోతున్నాయి.
పాత నోటుపుస్తకంలో ఆఖరి పేజీ:
"వాయవ్యం గాలి. గాడ్‌విట్లు పద్నాలుగు.
మిగతావి రేపు."

పక్కింటి నింకె చెయ్యి లాగింది.
"అదిగో, ముళ్లపొదలో! వినపడట్లా?"
లేదు.
గాలి ఉంది. ఫెర్రీ ఇంజిన్ గదిలో ముప్పయ్యేళ్లు
చెవిలో వదిలిపెట్టిన హోరు ఉంది.
ఆ సన్నటి కూత మాత్రం
అతన్ని చేరకముందే పుటుక్కున తెగిపోతోంది.

పిల్ల వేలి వెంట చూశాడు.
నెత్తిన పసుపు గీత.
అగ్గిపెట్టెలో పట్టేంత పిట్ట
రాత్రంతా ఉత్తర సముద్రం దాటొచ్చి
పురుగు వెతుక్కుంటోంది, ఏమీ జరగనట్టు.

బొటనవేలంత పెన్సిల్‌తో
"మిగతావి రేపు" కిందే రాసుకున్నాడు:
గోల్డ్‌క్రెస్ట్, ఒకటి.
చూసింది నేను.
విన్నది నింకె.