సంబోధన

పదిహేడు అట్టపెట్టెలు.
నాకిచ్చింది మూడు నెలల కాంట్రాక్టు,
ఒక జత గుడ్డ చేతితొడుగులు, ఒక పెన్సిలు.
పెన్ను లోపలికి తేకూడదు.

కింది అరలోని రెండింటిని నాకన్నా ముందే
బుడమేరు చదివేసింది.
ఆరబెట్టిన కాగితాలు అప్పడాల్లా వంకర్లు తిరిగి
పట్టుకుంటే చప్పుడు చేస్తున్నాయి.

ఫాదర్ పసల ఇన్నాసి, యేసుసభ.
పుట్టింది ఫిరంగిపురం, పొగాకు బ్యారన్ పక్కింట్లో.
నలభై ఒక్క ఏళ్ళు బెజవాడలో లాటిన్ చెప్పారు,
అడిగినవాళ్ళకు గ్రీకు కూడా.
అడిగినవాళ్ళు ఐదుగురు. లెక్క ఉంది, నాలుగో పెట్టెలో.

హాజరుపట్టీల్లో
వేసవి కృష్ణలో నీళ్ళు తీసినట్టు
ఏడాదికేడాది పేర్లు తగ్గాయి.
పధ్నాలుగు. తొమ్మిది. మూడు.
ఎనభై తొమ్మిదిలో ఒక్కటే పేరు: దేవరపల్లి ఏసుపాదం,
మెస్సులో వంట చేసే శౌరమ్మ కొడుకు.
దసరా సెలవుల తర్వాత ఆ గడులన్నీ ఖాళీ.
రాలేదని సున్నా కూడా చుట్టలేదు ఆయన.

షుగర్ రీడింగులు, కళ్ళజోడు చీటీలు,
లాటిన్ శాఖ మూసివేత గురించి ఒక టైపు ఉత్తరం.
దాని అంచున ఎర్రసిరాతో
రాసినవారి తెలుగులో మూడు తప్పులు దిద్ది ఉన్నాయి.
ఇంకేమీ లేదు, మూసివేత గురించి.

తొమ్మిదో పెట్టెలో
రబ్బరు బ్యాండు కరిగి అంటుకుపోయిన బిల్లుల కట్ట.
ఏసుపాదం లేత్ వర్క్స్, ఆటోనగర్.
చైను మార్చినందుకు. బేరింగు గ్రీజుకు. పెడల్ వెల్డింగుకు.
ప్రతి గురువారం. పధ్నాలుగేళ్ళు.
ఏ సైకిలూ అంతగా చెడిపోదు.

తిప్పి చూశాను.
వెనక, గ్రీజు వేలిముద్రల మధ్య, లాటిన్.
నిప్పురవ్వ పడి చిల్లుపడ్డ చోట వాక్యం ఆగి
అవతలి ఒడ్డున మళ్ళీ మొదలవుతుంది.
ఎర్రసిరా దాని వెంటే, తెలుగులో:
"చేతన్, చేన్, తోడన్, తోన్. నీకు తెలిసిందే కదా, ఇక్కడెందుకు జారావు?"
"ఈ క్రియ చివరిదాకా ఆగుతుంది, మన క్రియలాగే. తొందరపడకు."
"బాగుంది. అమ్మకు కాలివాపు తగ్గిందా?"

నా పట్టికలో మూడే శీర్షికలు:
లెక్కలు, పాండిత్యం, ఉత్తరాలు.
మధ్యాహ్నం దాకా ఆ కట్టను మూడు కుప్పల మధ్య
అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను.
రాయి పెట్టకపోతే ఫ్యాను
అన్నిటినీ ఒకే కుప్ప చేసేది.

ఒక బిల్లు మీద మాత్రం ఆయన కొంచెం ఎక్కువే రాశారు:
"పేరు ఇన్యాత్సియుస్. పిలిచేటప్పుడు తోక రాలిపోతుంది, ఇన్యాత్సీ.
మా నాయనమ్మకు సంతకం రాదు.
పొగాకు తోరణాలు గుచ్చుతూ
ఇన్నాసీ! అని వీధి చివరికి వినబడేలా కేకేసేది.
లాటిన్ సంబోధనలో ఆవిడ ఒక్కనాడూ తప్పు చేయలేదు."

ఏసుపాదం చేస్తూనే ఉన్నాడు.
ప్రతి బిల్లు మీదా 'శ్రీ' పక్కన పూర్తి పేరు, తోకతో సహా.
భయమో, మర్యాదో.
ఎర్రసిరా ప్రతిసారీ ఆ తోక కొట్టేసింది.

చివరి బిల్లు రెండు వేల మూడు, జూన్ పంతొమ్మిది.
ఫాదర్‌ను మట్టిలో పెట్టింది పదకొండున,
పదిహేడో పెట్టెలోని నల్లంచు కార్డు చెబుతోంది.
చైను ఒకటి. బాకీ లేదు.
'శ్రీ' పక్కన ఆ ఒక్క మాట, సరిగ్గా.
దిద్దు లేదు. టిక్కూ లేదు.

దీన్ని పెట్టెలోకి ఎవరు చేర్చారో ఏ రిజిస్టరులోనూ లేదు.
శౌరమ్మేమో, గది ఊడ్చిన రోజు.

ఉత్తరాలు అని రాశాను.
తొమ్మిది బై ఆరువందల నలభై మూడు.
పక్కన ఏదో ఒక గుర్తు పెట్టాలనిపించింది కానీ
నాకా భాష రాదు, చేతిలో ఉన్నది పెన్సిలు.
కింద వాచ్‌మన్ షట్టరు సగం దించి
పిలుస్తున్నాడు:
ఓ వర్ధనీ!