గులాబీ రంగు మాత్ర

ఆసుపత్రి కాదు మాది. ముగ్గురు డాక్టర్ల చిన్న సర్జరీ,
పక్కన వేపుడు చేపల కొట్టు, ఎదురుగా ఐరిష్ సముద్రం.
నెల మొదటి మంగళవారం లెక్క వస్తుంది:
ఏ డాక్టరు ఏ మందు ఎంత రాశాడో,
వెయ్యి మంది రోగులకి ఎన్ని పౌండ్లో,
చుట్టుపక్కల సగటుకి మా గీత ఎంత ఎత్తులో ఉందో.
నిద్రమాత్రల్లో మేం పైన.
నొప్పి మందుల్లో ఇంకా పైన.
బొగ్గు గని మూసేసి ఎన్నేళ్ళో అయింది గానీ
నడుములకి ఆ కబురు ఇంకా అందలేదు.
ఈ సంగతి రాయడానికి పట్టికలో గడి లేదు.

డాక్టర్ హెస్కెత్ కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి
"ఇదిగో, ఇక్కడ మిగిల్చాం" అన్నాడు.
నిజమే.
పోయినేడు కంపెనీ పేరున్న రక్తపోటు మాత్ర మానిపించి
పేరు లేనిది రాయించాం.
మార్చింది నేనే, కంప్యూటర్లో,
రెండొందల పదకొండు మందికి,
ఒక్క మధ్యాహ్నం, టీ చల్లారేలోపు.
అదే మందు, అదే మోతాదు,
మాత్రకి పదకొండు పెన్నీలు తేడా.
ఆకుపచ్చ గీత బుద్ధిమంతురాలిలా కిందికి దిగింది.

ఆ సాయంత్రమే వచ్చింది ఐవీ టైసన్,
సూపర్‌మార్కెట్ సంచీని పసిబిడ్డలా రెండు చేతులా పట్టుకుని.
"విల్ఫ్‌వి" అంది.
అతను పోయి మూడు వారాలు.
బల్ల మీద బోర్లించింది.
పదమూడు డబ్బాలు, ఒక్కదానికీ సీలు విప్పలేదు.
ప్రతి దాని మీదా అతని పేరు.

"తెల్లవి నావి కావన్నాడు.
నావి గులాబీ రంగువి, ఇవి ఇంకెవరివో పొరపాటున వచ్చాయన్నాడు.
వెళ్ళి అడగమన్నాను.
ఆ పిల్లకి చచ్చేంత పని, ఎందుకులే విసిగించడం అన్నాడు."
ఆ పిల్లని నేనే. యాభై రెండేళ్ళు నాకు.

మరి నెల నెలా ఎందుకు తీసుకెళ్ళాడు?
ఐవీ నన్ను వింతగా చూసింది.
"శుక్రవారం కదా, తల్లీ.
మందుల కొట్టుదాకా నడక,
బయట బెంచీ మీద జో ఫెరిస్‌తో పందెం పావురాల ముచ్చట్లు,
వచ్చేటప్పుడు నాకో ఎండుద్రాక్షల బన్ను.
మందే లేకపోతే ఏ వంకన గడప దాటుతాడు?"

గుండె ఆగిందట, నిద్రలో.
"డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, ఏదైనా కావచ్చు"
అన్నాడు హెస్కెత్,
నాతో కాదు, కిటికీతో.

తిరిగొచ్చిన మందు ఇంకొకరికి ఇవ్వకూడదు.
నీలం మూత పీపాలో వేస్తే తీసుకెళ్ళి కాలుస్తారు.
వేసే ముందు లెక్కపెట్టాను, మూడొందల అరవై నాలుగు.
గుణించాను కూడా. పాడలవాటు.
విల్ఫ్ మీద మేం మిగిల్చింది
నలభై పౌండ్ల నాలుగు పెన్నీలు.
ఒక డబ్బా వెనక పెన్సిల్‌తో రాసుంది:
నల్ల మచ్చల ఆడపిట్ట, ఆరున్నర గంటలు, గాలి ఎదురు.

అందరూ వెళ్ళాక
మిగతా రెండొందల పది పేర్లూ అచ్చు తీసుకుని
ఫోను దగ్గరికి లాక్కున్నాను.
మొదటి పేరు ఆగ్నెస్ పాటిన్సన్. చెవుడు.
"మీ మాత్ర ఏ రంగులో ఉంది?" అని అరిచాను.
అవతల చాలాసేపు టీవీ చప్పుడు.
"ఏ మాత్ర?" అంది ఆవిడ.