ముప్పయేడు రూపాయలు

జమ్మికుంట స్టేషన్ రోడ్డుల
నా రీఛార్జి దుకాణం షట్టర్‌కు ఐదు పొరల తోలు.
గోరుతోని గీకితే
నీలం కింద నారింజ, నారింజ కింద ఎరుపు,
అన్నిటికంటే అడుగున మా బాపు ఏసిన బూడిద రంగు.
అదొక్కటే ఏ కంపెనీదీ కాదు.

కంపెనీ అమ్ముడువోయిన ముచ్చట
నేను పేపర్ల సదవ.
యాకూబ్ పాషా సైకిల్‌కు నిచ్చెన కట్టుకొని వస్తడు.
"అన్నా, మళ్లా మారింది" అంటడు.
గంతే.
నారింజ కొట్టిన పైసలు వానికింకా రాలే.
నీలపోళ్లను అడిగితే అది పాతోళ్ల లెక్క అన్నరట.
పాతోళ్లను అడుగుదామంటే
టవర్ ఒకనిది, తీగ ఒకనిది, పేరు ఇంకొకనిది,
అప్పు బ్యాంకుది.
మనిషి మాత్రం దొరుకడు.

మొన్న పత్తి అమ్ముకొని ఐలవ్వ వచ్చింది.
డబ్బా ఫోను బల్ల మీద పెట్టి
"ఇండ్ల ముప్పయేడు రూపాయలుండె బిడ్డా,
ఏడవాయె?"

విలీనమైనయి అవ్వా, అన్న.
ఇంకేమనాల్నో తోచలే.

"నా పత్తి సేటు కుప్పల కలిసినా
తక్‌పట్టీ ఇస్తడు గద.
దీనికి చీటేది?"

కస్టమర్ కేర్‌కు కొట్టిన.
ఒకటి నొక్కుమన్నది, తొమ్మిది నొక్కుమన్నది,
మీ కాల్ మాకు ముఖ్యమని నలభై నిమిషాలు పాడింది.
ఆఖరికి పదకొండంకెల ఫిర్యాదు నంబరిచ్చింది.
తక్‌పట్టీ ఎనుక రాసిచ్చిన.
ఢిల్లీల వీళ్ల మీద పెద్దోళ్లున్నరు,
ఆళ్లకు అప్పీలు పెట్టొచ్చు అవ్వా, అన్న.
"ఆళ్లకు పత్తి ఏరే రోజులు తెలుసా?" అన్నది.

ఆ సిమ్ము అమ్మింది నేనే.
లైఫ్‌టైం అని అట్ట మీద రాసుండె.
ఎవల లైఫో
అప్పుడు నేను అడుగలే.
ఏడేండ్లకు కంపెనీ సచ్చింది.
ఐలవ్వకు డెబ్బై రెండు,
ఇంకా సాలు దప్పకుంట పత్తి ఏరుతాంది.

గల్లల నుంచి ముప్పయేడు తీసి ఇయ్యబోయిన.
చెయ్యి ఎనుకకు తీసుకున్నది.
"నువ్వెందుకిస్తవ్?
నువ్వు తిన్నవా?"

ఈ పొద్దు మళ్లా నిచ్చెన వచ్చింది.
ఈసారి ఊదా.
కింద మూలకు జానెడు జాగ ఇడిసిపెట్టుమన్న.
బొగ్గుతోని రాసిన:
ఐలవ్వ, 37.
యాకూబ్ కుంచె కడుక్కొని వచ్చి
దాని కింద వాని బాకీ వాడే రాసుకున్నడు.

కంపెనీ పిల్లగాడు బండి మీద వచ్చి
కొత్త రంగుకు ఫొటో తీసుకున్నడు,
ఆ మూల పడకుంట.